వజ్రాసనం: మేలు ఎంత, మేర ఎక్కడ

కడుపు నిండా తిన్న తరువాత ఆసనాలు వేయకూడదని యోగా నేర్పేవారు మొదటి రోజే చెబుతారు. ఆ నియమానికి ఒక మినహాయింపునూ వారే చెబుతారు, అది వజ్రాసనం. మోకాళ్ళు మడిచి, పాదాలను వెనక్కి పరచి, మడమల మీద కూర్చునే ఈ భంగిమ యోగాతో ఏ పరిచయమూ లేని తెలుగు ఇళ్ళలో కూడా పేరుతో సహా తెలిసి ఉండడానికి ఆ మినహాయింపే చాలావరకు కారణం. అన్నం తిన్నాక పది నిమిషాలు ఇలా కూర్చుంటే అరుగుదల బాగుంటుందని, కాళ్ళకు వెళ్ళే రక్తం పొట్టకు మళ్ళుతుందని, తొడలు బలపడతాయని, చివరికి మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గుతాయని వినిపిస్తూ ఉంటుంది. ఈ మాటల్లో నిలిచేవి ఏవో, నిలవనివి ఏవో విడదీసి చూడవలసిన అవసరం ఉంది. వజ్రాసనం నిజంగా మంచి ఆసనమే. అయితే అది మంచిదనడానికి వాడుకలో చెప్పే కారణాలు వేరు, అసలు కారణాలు వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే కొందరు నొప్పిని పళ్ళ బిగువున భరిస్తూ, తమ మోకాళ్ళకు సరిపడని భంగిమలో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటున్నారు.

ముందుగా పేరు సంగతి. ఈ రోజు వజ్రాసనం అనగానే అందరికీ ఒకే రూపం కళ్ళ ముందుకు వస్తుంది గానీ, పాత గ్రంథాలలో ఆ పేరు అంత స్థిరంగా లేదు. 15వ శతాబ్దానికి చెందినదిగా పండితులు భావించే స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక, సిద్ధాసనాన్ని వివరించిన తరువాత, దానినే కొందరు వజ్రాసనమని, కొందరు ముక్తాసనమని, మరికొందరు గుప్తాసనమని అంటారని చెబుతుంది. అంటే ఆ గ్రంథంలో వజ్రాసనం ఒక మడమను శరీరం కిందికి చేర్చి, రెండవ కాలిని దాని మీదికి తెచ్చి కూర్చునే భంగిమకు మారుపేరు, మోకాళ్ళ మీద కూర్చోవడం కాదు. ఆ తరువాతి కాలపు ఘేరండ సంహితలో మాత్రం ఇప్పటి రూపానికి దగ్గరి వర్ణన కనిపిస్తుంది: పిక్కలను వజ్రంలా దృఢంగా చేసి, రెండు పాదాలను గుదానికి ఇరుపక్కలా ఉంచితే అది వజ్రాసనమవుతుందని, అది యోగులకు సిద్ధినిస్తుందని ఆ శ్లోకం చెబుతుంది. గమనించవలసినది ఏమిటంటే, ఆ శ్లోకంలో జీర్ణశక్తి ప్రస్తావన లేదు, భోజనం మాట అసలే లేదు. ఇంకా వెనక్కి వెళ్ళి పతంజలి యోగసూత్రాలకు వ్యాసుడు రాసిన భాష్యం చూస్తే, అక్కడ పద్మాసనం, వీరాసనం, భద్రాసనం, స్వస్తికం, దండాసనం వంటివి పేరు పేరునా ఉన్నాయి, వజ్రాసనం లేదు.

ఈ చరిత్ర ఆసనం విలువను తగ్గించడానికి చెబుతున్నది కాదు. అనాదిగా ఋషులు భోజనానంతరం వేసిన ఆసనమని చెప్పి ఒప్పించే ప్రయత్నం అనవసరమని మాత్రమే దీని అర్థం. ఆసనానికి పతంజలి ఇచ్చిన లక్షణం 'స్థిరసుఖమాసనం' అన్న చిన్న సూత్రం. కదలకుండా ఉండగలగడం, సుఖంగా ఉండగలగడం అనే ఆ రెండు కొలతలు వజ్రాసనానికి ఎంత బాగా అమరుతాయో, శరీర నిర్మాణాన్ని బట్టి చూస్తే స్పష్టమవుతుంది.

నేల మీద కూర్చోవడానికి మనకు తరతరాలుగా ఉన్న పద్ధతి బాసింపట్టు, అంటే మఠం వేసుకుని కూర్చోవడం. ఈ కూర్పులో తొడ ఎముకలు తుంటి కీలు దగ్గర బయటి వైపుకు బాగా తిరగాలి. పీట మీద కూర్చుని అన్నం తినే అలవాటు పోయి, పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా కుర్చీలోనో, బండి సీటులోనో, సోఫాలోనో గడిపే శరీరంలో ఆ తిరుగుడు క్రమంగా తగ్గిపోతుంది. అటువంటివారు మఠం వేసుకుంటే మోకాళ్ళు నేలకు ఆనకుండా పైకి లేచి ఉంటాయి, కటి భాగం వెనక్కి ఒరుగుతుంది, దాంతో నడుము లోపలికి ఉండవలసిన చోట బయటికి వంగి గూనిలా తయారవుతుంది. వీపు నిటారుగా పెట్టమని ఎంత చెప్పినా రెండు నిమిషాలకే మళ్ళీ కుంగిపోవడానికి కారణం బద్ధకం కాదు, తుంటి బిగుతు.

వజ్రాసనంలో ఈ చిక్కు దాదాపు ఉండదు. తొడలు ముందు వైపుకే చాపి ఉంటాయి కనుక తుంటి బయటికి తిరగవలసిన పని లేదు. పైగా పిరుదులు మడమల ఎత్తు మీద ఉంటాయి, మోకాళ్ళు నేల మీద ఉంటాయి, అంటే తుంటి మోకాళ్ళ కంటే ఎత్తున ఉంటుంది. ఈ చిన్న వాలు వల్ల కటి తనంతట తానే నిలబడుతుంది, నడుము దగ్గర ఉండవలసిన సహజమైన వంపు నిలుస్తుంది, దాని మీద వెన్నెముక ఏ బలవంతమూ లేకుండా పేర్చినట్టు నిలుస్తుంది. ఛాతీ తెరుచుకుంటుంది, పొట్ట నలగదు, శ్వాస తీసుకున్నప్పుడు ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే శ్వాస కండరం, కిందికి దిగడానికి చోటు దొరుకుతుంది. వీపును నిలబెట్టే కండరాలు పెద్ద శ్రమ పడకుండానే వెన్ను నిటారుగా ఉండడం, ఆ కారణంగా శ్వాస లోతుగా నడవడం, ఈ రెండే వజ్రాసనం ఇచ్చే అతి పెద్ద మేలు. ప్రాణాయామానికీ ధ్యానానికీ పద్మాసనం కుదరనివారికి దీనిని సూచించడం వెనుక ఉన్న తర్కం ఇదే, అది గట్టి తర్కం. ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించి, ఏటా జూన్ 21న దేశమంతటా సామూహికంగా చేయించే ఉమ్మడి యోగా క్రమంలో కూడా వజ్రాసనం ఉంది. అదే క్రమంలోని శశాంకాసనం, ఉత్తాన మండూకాసనం దీని నుంచే మొదలవుతాయి. 2025లో విశాఖపట్నం సముద్ర తీరంలో లక్షల మంది ఒకేసారి వేసిన ఆసనాల క్రమం కూడా అదే.

అయితే శరీరంలో ఏ సౌకర్యమూ ఊరికే రాదు. తుంటికి తప్పిన భారం వజ్రాసనంలో మోకాలికీ చీలమండకూ చేరుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలు 90 డిగ్రీలు మడుస్తుంది. నిలబడి ఉన్న మనిషి తన కండరాల బలంతో మోకాలిని వెనక్కి మడిస్తే సుమారు 135 నుంచి 140 డిగ్రీల దాకా వెళ్తుంది. మడమల మీద పూర్తిగా కూర్చున్నప్పుడు శరీరం బరువు నొక్కడంతో అది 150 డిగ్రీలు దాటుతుంది. అంటే తన సొంత శక్తితో చేరుకోలేని మడతలోకి మోకాలిని బరువుతో నెట్టడం జరుగుతున్నది. చీలమండ కూడా అంతే, పాదం పైభాగం నేలకు పూర్తిగా ఆనేలా సాగాలి. చిన్నప్పటి నుంచి నేల మీద కూర్చుని పెరిగిన శరీరానికి ఇది మామూలు సంగతి. నలభై ఏళ్ళు కుర్చీలో గడిపి, ఒక ఉదయం హఠాత్తుగా మొదలుపెట్టిన శరీరానికి ఇది మామూలు సంగతి కాదు.

అందుకే అభ్యాసం మొదలుపెట్టే తీరు ముఖ్యం. గట్టి నేల మీద కాకుండా మడత పెట్టిన దుప్పటి మీదనో, మందపాటి చాప మీదనో ముందుగా మోకాళ్ళ మీద నిలబడాలి. మోకాళ్ళు దగ్గరగా ఉండవచ్చు, లేదా తుంటి వెడల్పు మేరకు కొద్దిగా ఎడంగా ఉండవచ్చు. పాదాల పైభాగం నేలకు ఆనించి, కాలి బొటనవేళ్ళు ఒకదానికొకటి తగిలేలా, మడమలు మాత్రం విడిగా ఉండేలా చూసుకోవాలి. అప్పుడు పాదాల మధ్య దొన్నెలాంటి పల్లం ఏర్పడుతుంది, పిరుదులు ఆ పల్లంలోకి దిగాలి. కూర్చునేటప్పుడు ఒక్కసారిగా కూలబడకుండా, చేతులు ముందు నేలకు ఆనించి, బరువును కొద్దికొద్దిగా వెనక్కి జార్చడం మంచిది. కూర్చున్నాక అరచేతులు తొడల మీద బోర్లించి, భుజాలు వదులు చేసి, గడ్డం నేలకు సమాంతరంగా ఉంచి, శ్వాసను దాని దారిన నడవనిస్తే చాలు. మొదటి రోజుల్లో అర నిమిషం, ఒక నిమిషం సరిపోతుంది. వారాల మీద దానిని ఐదు నిమిషాలకు పెంచుకోవచ్చు.

పిరుదులు మడమలకు అందకపోతే ఆ ఖాళీలో దిండో, నాలుగు మడతల దుప్పటో పెట్టుకోవాలి. చీలమండ ముందు భాగం లాగుతూ ఉంటే చుట్టిన తువ్వాలును దాని కింద పెడితే ఆ లాగుడు పోతుంది. మోకాలి వెనుక బాగా ఒత్తుకుంటున్నట్టు ఉంటే తొడకూ పిక్కకూ మధ్య పలుచని మడత గుడ్డ ఒకటి ఉంచితే మోకాలు కొంచెం తెరుచుకుంటుంది. ఇలా ఆసరాలు పెట్టుకోవడాన్ని చాలామంది చేతగానితనంగా భావిస్తారు, పక్కవారు చూస్తారని సిగ్గుపడతారు. ఆ సిగ్గుకు సంప్రదాయంలో ఆధారం లేదు. వ్యాసభాష్యం పేర్కొన్న ఆసనాలలో సోపాశ్రయం అనేది ఒకటి ఉంది, ఆ మాటకు అర్థమే ఆసరాతో కూడినదని. దాని మీద వ్యాఖ్య రాసిన వాచస్పతి మిశ్రుడు ఆ ఆసరా యోగపట్టమని వివరించాడు. మోకాళ్ళను కదలకుండా పట్టి ఉంచే ఆ పట్టీని తెలుగువారు శిల్పాలలో చూస్తూనే ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో 1528లో హంపిలో చెక్కిన ఏకశిలా నరసింహ విగ్రహం మోకాళ్ళ చుట్టూ ఉన్నది ఆ పట్టీయే. సాక్షాత్తు నరసింహుడికే యోగపట్టం చుట్టి చూపిన సంప్రదాయంలో, మోకాలు నొప్పి ఉన్న మనిషి దిండు పెట్టుకోవడానికి వెనుకాడవలసిన పని లేదు.

ఇక జీర్ణశక్తి మాట. వజ్రాసనంలో కాళ్ళు మడతపడి ఒత్తుకుంటాయి కనుక అక్కడికి వెళ్ళే రక్తం తగ్గి, ఆ మిగిలిన రక్తం పొట్టకు చేరి అరుగుదల పెరుగుతుందన్నది ఎక్కువగా వినిపించే వివరణ. వినడానికి సబబుగా ఉంటుంది గానీ, రక్తప్రసరణ నీటి కాలువలాగా ఒక తూము మూస్తే మరో తూముకు పారేది కాదు. భోజనం పడగానే పేగులలో విడుదలయ్యే హార్మోనులు, అక్కడి నాడులు కలిసి పేగుల రక్తనాళాలను వాటంతట అవే విప్పారేలా చేస్తాయి. పేగులకు వెళ్ళే ప్రధాన ధమనిలో ప్రవాహం భోజనం తరువాత రెట్టింపు దాకా పెరగడం ఆ మనిషి ఎలా కూర్చున్నా జరిగే పనే. పైగా విశ్రాంతిగా ఉన్న కాలి కండరాలు తీసుకునే రక్తమే కొద్దిపాటి, దానిని ఆపి మిగిల్చేది అంతకన్నా స్వల్పం.

అయినా తిన్నాక వజ్రాసనంలో కూర్చున్నవారు పొట్ట తేలికగా ఉందని చెప్పడంలో అబద్ధం ఉండనవసరం లేదు. వారు ఏమి చేస్తున్నారో కాకుండా ఏమి చేయడం లేదో చూస్తే కారణం దొరుకుతుంది. తిన్న వెంటనే వారు మంచం ఎక్కడం లేదు, సోఫాలో వెనక్కి జారి పొట్ట నలిగేలా కూర్చోవడం లేదు, ఫోన్ మీదికి వంగడం లేదు. అన్నవాహికకూ జీర్ణాశయానికీ మధ్య ఉన్న కండర కవాటం కొంచెం వదులుగా ఉన్నవారిలో, పడుకున్నప్పుడు ఆమ్లం సులువుగా పైకి ఎగదన్ని గుండెల్లో మంట పుడుతుంది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉండాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. వెన్ను నిటారుగా ఉంచి, నడుము బిగుతు లేకుండా, నెమ్మదిగా శ్వాసిస్తూ కూర్చుంటే గురుత్వాకర్షణ తన పని తాను చేస్తుంది, ఆమ్లం కిందనే ఉంటుంది. అదే పని తిన్నగా ఉన్న కుర్చీలో వీపు నిలిపి కూర్చున్నా జరుగుతుంది. కాకపోతే కుర్చీలో ఎవరూ అలా కూర్చోరు, వజ్రాసనంలో వంగి కూర్చోవడం కష్టం. భోజనానంతర వజ్రాసనం విలువ ఈ చివరి మాటలోనే ఉంది.

ఇక్కడే ఒక పక్క మాట చెప్పుకోవాలి. తిన్నాక వంద అడుగులు వేయాలనే 'భుక్త్వా శతపదం గచ్ఛేత్' అన్న నానుడి కూడా మన సంప్రదాయంలోనిదే. షుగర్ ఉన్నవారి విషయంలో ఈ రెండింటిలో దేనికి మొదటి స్థానం ఇవ్వాలన్నది తేలికగా తేల్చవచ్చు. నడిచేటప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, కనుక భోజనం తరువాత పెరిగే చక్కెర తగ్గుతుంది. వజ్రాసనంలో కండరాలు పని చేయవు, ఒత్తుకుని ఉంటాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారని లెక్కగట్టింది. వీరందరికీ తిన్నాక పది పదిహేను నిమిషాల నడక వజ్రాసనం కంటే ఎక్కువ ఉపయోగం. నడిచి వచ్చి కూర్చుంటే అభ్యంతరం లేదు, నడకకు బదులుగా కూర్చోవడమే సరికాదు.

తొడలు, పిక్కలు బలపడతాయన్న మాట కూడా సరిచేయవలసినదే. కండరం బలపడాలంటే అది బరువుకు ఎదురు పని చేయాలి. వజ్రాసనంలో తొడ ముందు భాగంలోని కండరాలు మోకాలి దగ్గర సాగుతాయి, చీలమండ ముందు భాగం సాగుతుంది. సాగడం మంచిదే, బిగుసుకున్న కాళ్ళకు అవసరమే, కానీ అది బలం కాదు. కూర్చోవడం కోసం చేతుల సాయం లేకుండా నెమ్మదిగా దిగడం, మళ్ళీ అలాగే మోకాళ్ళ మీదికి లేవడం పదిసార్లు చేస్తే, ఆ దిగడం లేవడంలోనే తొడలకు కొంత బలం వస్తుంది.

కూర్చున్న కొద్దిసేపటికి కాళ్ళకు తిమ్మిరెక్కడం ఈ ఆసనంలో దాదాపు ప్రతి ఒక్కరికీ అనుభవమే. దానిని రక్తం ఆగి మళ్ళీ కొత్త రక్తం వస్తున్న మంచి సూచనగా చెప్పడం తరచు వినిపిస్తుంది. తిమ్మిరి నిజానికి నాడి చేసే ఫిర్యాదు. మోకాలికి కొంచెం కింద, కాలి బయటి వైపున చేతితో తడిమితే ఒక చిన్న ఎముక బుడిపె తగులుతుంది. పాదాన్ని పైకి ఎత్తే కండరాలకు ఆజ్ఞలు మోసే నాడి ఆ బుడిపెకు దిగువన ఎముకను చుట్టుకుని, చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. మోకాలు గట్టిగా మడిచి బరువు వేసినప్పుడు ఆ నాడి నలిగే వీలుంది. రెండు నిమిషాల తిమ్మిరి కాళ్ళు చాపగానే పోతుంది. రోజూ గంటల తరబడి అలాగే కూర్చుంటే మాత్రం నాడి దెబ్బతిని పాదం పైకి లేవక, నడిచేటప్పుడు వేళ్ళు నేలకు రాసుకునే స్థితి వస్తుంది. మడమల మీద చాలాసేపు కూర్చునే ఒక సాధకుడికి ఇలా జరిగిన ఉదంతాన్ని 1971లో అమెరికా వైద్య సంఘపు పత్రిక 'యోగా ఫుట్ డ్రాప్' అన్న పేరుతో ప్రచురించింది. ఇటువంటివి అరుదు, ఐదు పది నిమిషాల అభ్యాసానికి ఆ భయం పెట్టుకోనవసరం లేదు. తిమ్మిరిని ఓర్చుకోవడం సాధన అనుకునే తీరును మాత్రం మానుకోవాలి. తిమ్మిరి మొదలైతే ఆనాటికి కూర్చోవడం చాలునని అర్థం.

మడమల మీద కూర్చోవడం యోగాకు మాత్రమే చెందినది కూడా కాదు. నమాజులో కూర్చునే భంగిమ దీనికి చాలా దగ్గర, పాదాలను ఉంచే తీరులో తేడా ఉంటుంది, కొద్దిసేపట్లోనే కదలిక కూడా వస్తుంది. జపాన్‌లో సెయిజా అనే పేరుతో ఇదే కూర్పు మర్యాదకు గుర్తు, సంప్రదాయ తేనీటి వేడుకలలో కూర్చునే తీరు. అక్కడ కూడా తిమ్మిరి అందరికీ తెలిసిన బాధే. బరువు మడమల మీద పడకుండా పిరుదుల కింద పెట్టుకునే చిన్న చెక్క పీటలు అందుకే వచ్చాయి. మన వడ్రంగి ఎవరైనా అరగంటలో చేయగల పీట అది. ధ్యానం కోసం ఎక్కువసేపు కూర్చోదలచినవారికి అంతకు మించిన ఉపాయం లేదు.

ఎవరికి వద్దు అన్న ప్రశ్నకు ఉమ్మడి యోగా క్రమమే స్పష్టంగా జవాబు ఇచ్చింది: మొలలు ఉన్నవారు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు, చీలమండకు దెబ్బ తగిలినవారు దీనిని వేయకూడదు. మోకాళ్ళ నొప్పులు తగ్గించే ఆసనమని బయట జరిగే ప్రచారానికి ఇది నేరుగా విరుద్ధం, ఈ విషయంలో ఆ క్రమం మాటే సరైనది. మోకాలి మృదులాస్థి అరిగినవారికి తొడ కండరాల బలం పెంచే వ్యాయామం మేలు చేస్తుంది, లోతైన మడతలో బరువు మోపడం కాదు. వృత్తి రీత్యా ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని గానీ, మోకాళ్ళ మీద గానీ పని చేసేవారిలో మోకాళ్ళ అరుగుదల ఎక్కువగా కనిపించడం వైద్యులకు తెలిసిన విషయమే. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవారిలో చాలామందికి కొత్త కీలు 110 నుంచి 125 డిగ్రీల దాకానే మడుస్తుంది. వజ్రాసనం కోరే మడత అంతకు చాలా ఎక్కువ, కనుక వారు శస్త్రచికిత్స చేసిన డాక్టరు మాట లేకుండా దీని జోలికి పోకూడదు.

షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నవారి పరిస్థితి ఇంకా సున్నితం, ఎందుకంటే వారి పాదాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. తిమ్మిరి, నొప్పి అనే హెచ్చరికలు అందరికీ అందినట్టు వారికి అందవు. నాడి నలుగుతున్నా, పాదం పైభాగంలో చర్మం నేలకు ఒత్తుకుని కందుతున్నా తెలియకుండానే గడిచిపోతుంది. అటువంటివారు ఆసనం నుంచి లేచిన ప్రతిసారీ పాదాల పైభాగాన్ని, చీలమండలను కళ్ళతో చూసుకోవాలి, ఎరుపు గానీ బొబ్బ గానీ కనిపిస్తే ఆపేయాలి. వీరికీ, మోకాళ్ళు సహకరించని పెద్దవారికీ వజ్రాసనంలోని అసలు మేలు మరో దారిలో దొరుకుతుంది. చేతులు లేని గట్టి కుర్చీ అంచు మీద, కింద మడత దుప్పటి వేసుకుని, తుంటి మోకాళ్ళ కంటే కాస్త ఎత్తుగా ఉండేలా, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చుంటే కటి అలాగే నిలబడుతుంది, శ్వాస అలాగే నడుస్తుంది.

ఆసనంలోకి వెళ్ళడానికి చూపే శ్రద్ధ బయటికి రావడంలో చాలామంది చూపరు, పడిపోవడాలు జరిగేది అక్కడే. మొద్దుబారిన పాదం నేలను గుర్తించదు, మనిషి లేచి అడుగు వేసేసరికి చీలమండ మడతపడుతుంది. పెద్ద వయసువారిలో ఆ ఒక్క తూలుడు తుంటి ఎముక విరగడానికి చాలు. అందుకని ముందుగా చేతులు ఒక పక్క నేలకు ఆనించి, పిరుదులను మడమల పక్కకు దించి, ఒక్కో కాలిని ముందుకు చాపాలి. రెండు కాళ్ళూ చాపి దండాసనంలో కూర్చుని, చీలమండలను ఇటూ అటూ తిప్పుతూ, వేళ్ళు ముడిచి విప్పుతూ ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. జివజివమనడం పూర్తిగా తగ్గి, అరికాలికి నేల చల్లదనం మామూలుగా తెలిసిన తరువాత, గోడనో కుర్చీనో పట్టుకుని లేవాలి.